వంతెన తర్వాతి వంపు

జూన్ 2

పొద్దున బండిమామ ఫోను చేశాడు. మా పాప ఆయన్ని అలాగే పిలిచేది కాబట్టి మనసులో నాకూ అదే పేరు. ఎదురుగా మాత్రం అన్నయ్యగారూ అంటాను. ఏళ్ల తరబడి నిజం రైళ్లు నడిపి, రిటైరయ్యాక కంప్యూటర్లో రైళ్లు నడుపుకుంటున్న మనిషి. పాప పోయినప్పుడు వచ్చి, గుమ్మంలో నిలబడి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మళ్లీ పలకరించడం ఇదే.

"చెల్లెమ్మా, ఒక సంగతి చెప్పాలి. కంగారు పడకు" అన్నాడు. ఆ మాట వింటేనే నాకు కంగారు. ఆసుపత్రిలో డాక్టరు కూడా రోజూ ఆ మాటతోనే మొదలుపెట్టేవాడు.

సంగతి ఇదీ. కొండల మీదుగా పోయే ఒక రైలుదారిని కొంతమంది కలిసి కంప్యూటర్లో కడుతున్నారు కదా. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని పట్టాలు వేస్తారు, స్టేషన్లు కడతారు, చెట్లు నాటుతారు. అన్నీ కలిపితే ఆ చివర నుంచి ఈ చివరికి బండి నడపొచ్చు. పాప వంతు వంతెన నుంచి సొరంగం దాకా. మధ్యలో చిన్న స్టేషను. వంతెన వైపు నుంచి కొంత, స్టేషను వైపు నుంచి కొంత పట్టాలు వేసుకుంటూ వచ్చింది. కొండ మలుపు దగ్గర రెండు కొసలూ కలవాలి. అక్కడి వంపు ఒక్కటే మిగిలిపోయింది.

నెలాఖరుకి అందరూ తమ ముక్కలు ఇచ్చేయాలట. మన వంపు పడకపోతే వాళ్లలో పెద్ద, పొడుగాయన అంటారు, వంతెన దాటగానే కొండకి బొక్క కొట్టి తిన్నగా అవతలికి తీసుకుపోతాడట. పాప కట్టిన స్టేషను ఎక్కడిదక్కడే ఉంటుంది. దానికి బండి రాదు.

"బండి రాని స్టేషను ఎందుకండీ?" అన్నాను.

"అందుకేనమ్మా చెప్పడం."

"మీరు వేయకూడదా?"

"నాకు వేసిన దాని మీద పోవడమే తెలుసు. వేయడం తెలిస్తే నేనెందుకు అడుగుతాను?"

"నేను వేస్తాను" అన్నాను. "నీకు వచ్చా చెల్లెమ్మా?" అన్నాడు.

జూన్ 3

నాకు రాదని ఎవరన్నారు. పాప మంచం పట్టాక మౌసు పట్టుకుంది నేనే. "అమ్మా, ఎడమకి. ఇంకొంచెం. చాలు, వదులు" అనేది. వదిలితే అక్కడ చెట్టు మొలిచేది. ఆ కంచెలు, ఆ దీపస్తంభాలు, ప్లాట్‌ఫారం మీది బెంచీలు నా చేత్తో పెట్టినవే. పట్టాలు మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. దిండ్లు ఆనించుకుని లేచి కూర్చుని తనే వేసేది. "పట్టా అంటే బెంచీ కాదమ్మా, దాని మీద మనుషులు పోతారు" అనేది.

వంతెన దిగాక ఉన్న తిన్నని ముక్క అలా కూర్చుని వేసిందే. అదే ఆఖరు.

కంప్యూటరు పెట్టేటప్పుడు, అది లేవకపోతే ఏం చేయను అని కళ్లు మూసుకున్నాను. లేచింది.

జూన్ 4

మొదటిసారి వేశాను. గీత లాగితే పక్కనే ఒక అంకె వస్తుంది. వంపు ఎంత బిగువో ఆ అంకె చెబుతుంది, చిన్నదైన కొద్దీ బిగువు. మరీ బిగువైతే గీత ఎర్రబడిపోతుంది. నాది మొత్తం ఎరుపే. ఒక పక్క కొండ, ఒక పక్క ఏరు. ఎటు జరిపితే అటు ఏదో ఒకటి అడ్డం. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ఆ చోటు.

రేపు అవుతుంది.

జూన్ 5

అయింది! ఎర్రగీత రాకుండా వేశాను.

రాత్రంతా ఆలోచిస్తే తట్టింది. చొక్కాకి చేయి అతికేటప్పుడు చేతి గుండ్రం పెద్దది, చంక గుండ్రం చిన్నది. ఆ తేడాని కత్తిరించం. రెండు పక్కల నుంచీ పిన్నులు పెట్టుకుంటూ వచ్చి, మిగిలిన గుడ్డని నడిమధ్యలో వేళ్లతో కొద్దికొద్దిగా మింగించేస్తాం. పైకి ఒక్క ముడత కనబడదు. వీధి మొత్తం నా దగ్గర కుట్టించుకునేది ఆ చేయి కోసమే. ఇక్కడా అలాగే చేశాను. వంతెన కొస నుంచి చిన్న చిన్న ముక్కలు, స్టేషను కొస నుంచి చిన్న చిన్న ముక్కలు. మధ్యలో ఇంత తేడా వస్తే, ఆఖరి ముక్కని అటూ ఇటూ కదిపి కూర్చోబెట్టాను. పైనుంచి చూస్తే ఎంత ముద్దుగా ఉందో.

బండి వదిలాను. వంతెన దాటింది. తిన్నని ముక్క దాటింది. వంపులోకి తల పెట్టింది. మధ్యకు వచ్చేసరికి ఇంజను ఒక్క ఎగురు ఎగిరి ఏట్లోకి పోయింది. వెనక పెట్టెలన్నీ ఒకదాని వెంట ఒకటి.

ఎర్ర అక్షరాలు వచ్చాయి, పట్టా తప్పింది అని.

బొమ్మే. తెలుసు. ఆ తర్వాత చాలాసేపు సూదిలో దారం ఎక్కించలేకపోయాను.

జూన్ 6

మళ్లీ పడింది.

జూన్ 7

మళ్లీ. ఇంక చిన్న సర్దుబాటే. రేపు అవుతుంది.

జూన్ 9

ఆడపడుచు వచ్చింది. అన్న ఎలా ఉన్నాడో చూసిపోదామని వచ్చానంది. అన్నగారు లిఫ్టులు బాగుచేసే పనికి పోయారు, నన్ను చూసింది.

"ఏంటి వదినా, కుట్టుపని గుట్టలా పడుంది, నువ్వేమో బొమ్మ రైళ్లు పెట్టుకుని కూర్చున్నావు. నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

"నలుగురికీ ఈ గది కనబడదులే."

"నా కళ్లకి కనబడుతోందిగా. పోనీ, ఏదీ, నాకూ చూపించు."

చూపించాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. వంతెన చూసి బాగుంది అంది, ఏరు చూసి బాగుంది అంది. బండి వంపులోకి రాగానే పడింది. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడింది. "అయ్యయ్యో! లోపల మనుషులున్నారా?"

"లేరు."

"మరి కిటికీల్లో ఎవరో కనబడ్డారే?"

నేను అంతవరకూ చూడలేదు. ఆవిడ వెళ్లాక దగ్గరికి పోయి చూశాను. ఉన్నారు. కిటికీకి ఒకరు చొప్పున కూర్చోబెట్టింది నా చిట్టితల్లి. ఒకామె తల కిటికీకి ఆనించి ఉంది. ఎన్నిసార్లు ఏట్లో పడేశాను ఆమెని.

బండిమామని ఫోనులో అడిగాను, వాళ్లు నిజంగా ఉన్నట్టా అని. "ఉన్నారనుకునే నడపాలమ్మా. లేరనుకుంటే చెయ్యి తేలికైపోతుంది" అన్నాడు. ఊరట చెప్తాడనుకుంటే ఇంకో బరువు పెట్టాడు.

ఇక బండి వదలాలంటే చెయ్యి రావడం లేదు.

జూన్ 11

మధ్యాహ్నం బజారుకి పోయి వచ్చేసరికి కంప్యూటరు నల్లగా ఉంది. మా ఆయన భోజనానికి వచ్చి, గోడ దగ్గర స్విచ్చి కట్టేసి, మళ్లీ పనికి పోయారట. సాయంత్రం అడిగాను.

"వేడెక్కిపోతోంది అది. మిషన్లకి కూడా విశ్రాంతి ఉండాలి."

"చెప్పి కట్టొచ్చుగా!"

"చెప్తే కట్టనిచ్చేదానివా?"

ఆయన పాప గది గడప దాటి లోపలికి రారు. స్విచ్చి గుమ్మం పక్కనే ఉంది కాబట్టి చెయ్యి ఒక్కటీ లోపల పెట్టి కట్టేశారన్నమాట. నేను తిట్టాను. ఆయన పైకీ కిందకీ పోయే పనే తప్ప వంపులు తెలియని మనిషి అన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

మళ్లీ పెట్టాను. అన్నీ ఉన్నాయి. ఒక్కో చెట్టూ చూసుకున్నాను. తిన్నని ముక్క ఉంది.

జూన్ 14

బండిమామ ఇంటికే వచ్చాడు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి వచ్చాడు పాపం. టీ ఇచ్చాను. చల్లారిపోయేదాకా ముట్టుకోలేదు, తెర వంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఇదెలా వేశావమ్మా?" అని నా ముక్కల మీద వేలు పెట్టాడు. చొక్కా చేతి సంగతి చెప్పాను. పెద్దగా నవ్వాడు, తర్వాత నవ్వినందుకు నొచ్చుకున్నాడు. "గుడ్డ మింగుతుందమ్మా. ఇనుము మింగదు. నువ్వు మధ్యలో దాచిన తేడా ఉంది చూడు, అది ఎక్కడికీ పోలేదు. అంతా ఒక్కచోట మోకాలిలా పొడుచుకొచ్చింది. చక్రం దాన్నే తన్నుకుంటోంది."

"మరెలా?"

"తిన్నగా వచ్చే బండిని ఒక్కసారిగా బిగువు వంపులోకి తోయకూడదు. ముందు వంగీ వంగనట్టు వంగాలి. ఆ తర్వాత ఇంకొంచెం. అలా లోపలికి దింపాలి, బయటికి వచ్చేటప్పుడు అలాగే కొద్దికొద్దిగా తిన్నగా తేవాలి. లోపల కూర్చున్న వాళ్ల చేతిలో టీ ఒలకకూడదు. బయటి పట్టా కూడా కాస్త ఎత్తుండాలి."

"అలాగే వేస్తాను."

"వేయడానికి చోటేదమ్మా?"

ఆయన అక్కడితో ఆగి గ్లాసు తీసుకున్నాడు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు కూర్చున్నాను. ఆయనే చెప్పాల్సి వచ్చింది. వంతెన దిగాక ఉన్న తిన్నని ముక్క కొండ మొహం దాకా పోయి ఆగింది. వంపు అక్కడ మొదలుపెడితే చాలదు. ఆ ముక్క తీసేసి, వంతెన కాళ్ల దగ్గర నుంచే వంచుకుంటూ రావాలి.

"అది పాప వేసింది" అన్నాను.

"తెలుసమ్మా."

"తప్పు వేసిందంటారా?"

"తప్పని కాదు. వంపు దగ్గరికి ఇంకా రాలేదు తను. వచ్చుంటే తనకే తెలిసేది."

"కొండని కాస్త వెనక్కి జరిపితే?"

"అప్పుడు స్టేషను అవతలి సొరంగం జరగాలి. అది వేరేవాళ్లది." లేచి చెప్పులు వేసుకుంటూ, "పాతది ఒక కాపీ నా దగ్గర ఉంది చెల్లెమ్మా, భయపడకు" అన్నాడు.

ఆయన దగ్గర ఉంటే నా దగ్గర ఉన్నట్టా?

జూన్ 15

తిన్నని ముక్క జోలికి పోకుండా వేస్తున్నాను. ఆయన డ్రైవరు, వేసేవాడు కాదు. ఆయనే అన్నాడు కదా.

జూన్ 16

బండి వేగం బాగా తగ్గించి వదిలాను. నడిచే మనిషి దాటిపోయేంత నెమ్మది. అయినా పడింది. నెమ్మదిగా పడితే ఇంకా ఘోరం. ఇంజను వాలడం, ఆగడం, మళ్లీ వాలడం, అంతా కనబడుతుంది. పాప జ్వరం చార్టు గుర్తొచ్చింది. ఇవాళ కాస్త నయం అనేవారు, అది ఆగడమే.

జూన్ 18

ఇంక చిన్న సర్దుబాటే.

జూన్ 19

యూనిఫారాలు ఇవ్వలేదని స్కూలు టీచరమ్మ వచ్చి అరిచి వెళ్లింది. మూడు చొక్కాలకి చేతులు తారుమారుగా అతికాను. ఎడమది కుడికి. కత్తెర పట్టిన నాటి నుంచి ఎప్పుడూ జరగలేదు.

జూన్ 20

అంతా బాగానే ఉంది. రేపు అవుతుంది.

జూన్ 22

పొడుగాయన స్వయంగా ఫోను చేశాడు. చెడ్డవాడేమీ కాదు. మెత్తగానే మాట్లాడాడు. "మీ బాధ మాకు తెలుసండీ. మీరు ఇంత కష్టపడక్కర్లేదు. కొత్త సొరంగం నేను సిద్ధంగా పెట్టుకున్నాను. మీ అమ్మాయి పేరు తప్పకుండా వేస్తాం."

"పేరు వేస్తారు. బండి?"

"అది వంతెన మీద నుంచి కనబడుతుందండీ, స్టేషను. అందరూ చూస్తారు."

నెలాఖరుదాకా గడువుందిగా అని పెట్టేశాను. వంటింట్లో మా ఆయన అన్నీ విన్నారు.

"ఆ డ్రైవరు పెద్దాయన చెప్పినట్టు చేస్తే అయిపోతుందిగా" అన్నారు.

"ఏది?"

"ఆ ముక్క తీసేసి వేయమన్నాడటగా."

"మీకెవరు చెప్పారు?"

"మెట్ల దగ్గర కలిశాడు. ఎప్పుడో వారం కింద." చెయ్యి కడుక్కుంటూ అటు తిరిగే అన్నారు. "నీకు ఆ బండి పోవాలని లేదే. అది అక్కడే పడుతూ ఉండాలి. నువ్వు రోజూ లేపుతూ ఉండాలి."

గిన్నె ఎత్తి నేలకేసి కొట్టాను. పగలలేదు, సొట్ట పడింది. "మీకేం, గడప దాటి లోపలికి రావడానికే భయం! మీరా నాకు చెప్పేది?" అన్నాను.

ఆయన సొట్టపడిన గిన్నె తీసి, బోర్లించి, వంటగట్టు మీద పెట్టి, పనికి వెళ్లిపోయారు.

జూన్ 23

సొట్టగిన్నె బోర్లించినట్టే ఉంది, ఇద్దరం ముట్టుకోలేదు.

జూన్ 24

కుట్టాను. బాకీ పనంతా కుట్టాను. కంప్యూటరు పెట్టలేదు.

అబద్ధం. పెట్టాను. చూసి కట్టేశాను.

జూన్ 25

ఆయన అన్నది అబద్ధమైతే నాకంత కోపం ఎందుకొచ్చింది?

బండి పడినంత కాలం పాప పని పూర్తి కాలేదు. పూర్తి కాని పనిని ఎవరూ పట్టుకుపోరు. పూర్తయితే పొడుగాయనకి ఇచ్చేయాలి. ఇచ్చేశాక పొద్దున్నే లేచి నేనేం చేయాలి? ఇది రాసి, కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. చదివేది ఎవరు.

జూన్ 27

తీసేశాను.

పొద్దున ఆయన పనికి పోకముందే కూర్చున్నాను. తను గుమ్మంలో నిలబడ్డారు. నేను వెనక్కి తిరగలేదు. తిన్నని ముక్క మీద నొక్కితే అది పచ్చగా వెలిగింది. తీసేయాలా అని అడిగింది. అవును అని నొక్కాలి. మౌసు మీద నా వేలు నాది కాదన్నట్టు ఉంది. చొక్కాకి కుట్టు విప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంటుందనుకున్నాను. విప్పితే గుడ్డ మీద సూది గుర్తులైనా మిగులుతాయి. ఇక్కడ ఏమీ మిగల్లేదు. నొక్కాను, లేదు. పక్కన కంచె ఉంది, దీపస్తంభం ఉంది, మధ్యలో ఉత్త గడ్డి.

"పోయింది" అన్నాను.

ఇన్ని నెలల్లో ఆ మాట ఒక్కసారీ పైకి అనలేదు. ఆసుపత్రిలో అనలేదు. ఇంటికి తెచ్చినప్పుడు అనలేదు. అందరూ ఏడుస్తుంటే నీళ్లు కాచారా అని అడుగుతూ తిరిగాను. ఇవాళ అన్నాను, ఇంకోసారి అన్నాను, ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నానో తెలియదు. ఆయన గడప దాటి లోపలికి వచ్చారు. వచ్చి ఏం చేయాలో తెలియక కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. కుర్చీ వణికింది. నేనో, ఆయనో.

ఇవాళ పనికి పోలేదు ఆయన.

జూన్ 28

వంతెన కాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టాను. వంగీ వంగనట్టు ఒక పొడుగు ముక్క. తర్వాత ఇంకొంచెం. అంకె తగ్గుతూ వస్తుంటే దాని మీంచి కళ్లు తిప్పలేదు. మలుపు మొన దగ్గర గీత నారింజరంగుకు తిరిగింది, ఎరుపు కాలేదు. మళ్లీ మెల్లగా తిన్నగా తెచ్చుకుంటూ పోయి స్టేషను కొసకి అందించాను. ఏమీ మింగించలేదు, ఏమీ దాచలేదు. కాస్త చాలకపోతే మొదటికి పోయి మళ్లీ వేశాను. ఆయన పక్కన కూర్చుని, "ఇక్కడ పెన్సిలు పట్టేంత ఎడముంది" అని, "ఇప్పుడు లేదు" అని చెబుతూ ఉన్నారు. లిఫ్టు తలుపుల సందులు చూసే కళ్లు కదా.

బండి వదల్లేదు. ధైర్యం చాల్లేదు. రేపు.

ఈసారి రేపు అంటే రేపే.

జూన్ 29

టీ తాగి కూర్చున్నాం. బండిమామ ఫోనులో ఉన్నాడు, స్పీకరు పెట్టాం.

"ఎవరు నడుపుతున్నారు?" అన్నాడు.

"నేనే."

"వేగం ఇరవై దాటనీయకు. దాటితే నీ వంపు ఎంత బాగున్నా లాభం లేదు."

వదిలాను. కిటికీల్లో వాళ్లందరూ ఉన్నారు, చూసుకునే వదిలాను. వంతెన మీద చప్పుడు డొల్లగా ఉంటుంది, దిగగానే మారింది. తిన్నని ముక్క ఉండాల్సిన చోట ఇంజను కాస్త తల తిప్పింది. కొండ దగ్గరైంది. బండి లోపలికి వాలింది, పడటానికి కాదు, ఒరిగి పోవడానికి. చక్రాలు కీచుమన్నాయి.

"ఆ చప్పుడేంటి?" అని అరిచాను.

"పట్టుకుందమ్మా! అలాగే అరవాలి. పోనీ!" అన్నాడు బండిమామ.

మా ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఇంజను దాటింది. మొదటి పెట్టె దాటింది. వెనక్కి తిరిగి చూడటం ఎలాగో తెలియదు నాకు. ఎర్ర అక్షరాల కోసం చూస్తూ కూర్చున్నాను. రాలేదు. కొండ పక్కకి తొలగిపోయింది, ఎదురుగా స్టేషను. ప్లాట్‌ఫారం, బెంచీలు, దీపాలు. ఇన్ని నెలలూ పైనుంచి చూశాను కానీ బండిలోంచి ఎప్పుడూ చూడలేదు. ఇంత పెద్దదా అనిపించింది.

అప్పుడు తెలిసింది, నాకు బండి ఆపడం రాదు. ఇంతవరకూ ఏ బండీ వంపు దాటలేదు. ఆపాల్సిన పనే పడలేదు.

"ఎలా ఆపాలండీ ఇది?" అన్నాను. ఏదో మీట నొక్కాను, కూత వేసింది. ఇంకోటి నొక్కాను, అద్దం తుడిచే పుల్ల ఆడింది.

"ఆపడం రాదా?" అన్నారు ఆయన.

"రాదు!"

ఫోనులో బండిమామ ఏదో చెబుతున్నాడు, ఎడమ పక్కది, ఎడమ పక్కది అని. ఆయన ఫోను తీసుకుని ఒడిలో బోర్లించారు.

"పోనీయవే" అన్నారు.

చెయ్యి తీసేశాను. బండి ప్లాట్‌ఫారం పక్కనుంచి అదే నెమ్మదితో పోయింది. ఒక్కో బెంచీ వచ్చింది, వెనక్కి పోయింది. ఆఖరి దీపం కూడా పోయింది. సొరంగం వచ్చింది. దాని అవతల పాపది కాదు, నాది కాదు. ఎవరో మొహం తెలియని వాళ్లు వేసిన పట్టాల మీదకి బండి ఎక్కింది. అతుకు దగ్గర చిన్న చప్పుడైనా కాలేదు.